బొచ్చు నీళ్ళకు పోదు

కుక్కనో పిల్లినో పెంచుకునే ఇళ్ళలో బట్టలు ఉతకడం గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. బొచ్చును బట్టకు నీళ్ళు తగలకముందే తీసేయాలి. తీసే పని ఆ జంతువును పెంచుకునేవాళ్ళదే. మెషిన్ మీదికో, డిటర్జెంట్ మీదికో, ఇంట్లో పనిచేసే మనిషి మీదికో దాన్ని నెట్టేయకూడదు. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ బెంగళూరులో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో కుక్క గురించి జరిగే గొడవలు చాలావరకు చివరికి బట్టల దగ్గరికే వచ్చి చేరతాయి. ఆఫీసుకు వేసుకెళ్ళే నల్ల ప్యాంటు, పూజకు కట్టుకునే చీర, చంటిబిడ్డ దుప్పటి, అప్పుడే మడతపెట్టిన తువ్వాలు. "కుక్కంటే నాకూ ఇష్టమే, ఈ బొచ్చుతోనే వేగలేకపోతున్నా" అనే మాట మారతహళ్ళిలో విన్నాను, హొరమావులో విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. కొన్ని ఇళ్ళలో ఆ మాట అన్న కొన్నాళ్ళకు కుక్క వేరే ఇంటికి వెళ్ళిపోయింది. అందుకే దీన్ని చిన్న విషయం అని నేను వదిలేయలేను.

మా జూలీ లాబ్రడార్. లేత పసుపు రంగు. ఈ జాతికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన కాస్త గరుకుగా, నిటారుగా ఉండేది ఒకటి, దాని కింద మెత్తగా, ఒత్తుగా ఉండే నూగు ఇంకొకటి. చలిదేశాల్లో పగటి వెలుతురు పెరిగి తగ్గడాన్ని బట్టి ఈ కుక్కలు వసంతంలో ఒకసారి, చలికాలం ముందు ఒకసారి ఎక్కువగా బొచ్చు రాలుస్తాయి. ఇంటి లోపల, రాత్రి పదకొండు దాకా లైట్లు వెలిగే ఫ్లాట్లో, ఎండకూ చలికీ పెద్ద తేడా లేని ఊళ్ళో పెరిగే కుక్కకు ఆ లెక్క చెదిరిపోతుంది. కాస్త ఎక్కువో తక్కువో ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. పూడిల్ లాంటి కుక్కలకు వెంట్రుక పెరిగే దశే చాలా కాలం సాగుతుంది కాబట్టి తక్కువ రాలుతుంది. లాబ్రడార్‌ది దానికి తలకిందులు. తెచ్చుకునేటప్పుడే ఇది తెలుసుకుని తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక బొచ్చు రాలుతోందని దాన్ని కసరడంలో అర్థం లేదు.

ఇక నీళ్ళ సంగతి. మనందరికీ చిన్నప్పటి నుంచి ఉన్న నమ్మకం ఏమిటంటే, బట్టకు ఏది అంటినా నీళ్ళూ సబ్బూ చూసుకుంటాయని. మట్టి విషయంలో, చెమట విషయంలో, పసుపు మరక మినహా చాలా మరకల విషయంలో అది నిజం. వెంట్రుక విషయంలో నిజం కాదు. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దాని పైపొర మనకు కనిపించేంత నునుపేమీ కాదు. పాత పెంకుటింటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అన్నిటి అంచులూ కొన వైపుకే. దీన్ని తెలుసుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. తలలోంచి రాలిన పొడవాటి వెంట్రుక ఒకటి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పెట్టి, వేళ్ళను ముందుకూ వెనక్కూ రుద్దండి. మీరు ఎటు రుద్దినా వెంట్రుక ఒకవైపుకే జరుగుతుంది. కుదురు ఉన్న వైపుకు. అంటే రాపిడి ఎటు తగిలినా అది ముందుకు పోవడమే తప్ప వెనక్కి రాదు.

ఇప్పుడు మెషిన్‌లో బట్టలు అటూ ఇటూ దొర్లడం ఊహించుకోండి. గంటసేపు రాపిడే. పైన అంటుకుని ఉన్న వెంట్రుక ఆ గంటలో నేత సందుల్లోకి కుదురు ముందుగా దూరుకుంటూ పోతుంది. పైగా నీళ్ళలో వెంట్రుక ఉబ్బుతుంది. మనిషి వెంట్రుకైతే అడ్డంగా 14 నుంచి 16 శాతం దాకా లావెక్కుతుంది, పొడవు మాత్రం ఒకటి రెండు శాతమే పెరుగుతుంది. ఉబ్బిన వెంట్రుకకు పొలుసులు ఇంకా లేస్తాయి, పట్టు ఇంకా పెరుగుతుంది. ఉన్ని స్వెటర్‌ను మెషిన్‌లో వేస్తే కుంచించుకుపోయి దళసరిగా తయారయ్యేది కూడా ఈ గుణం వల్లే. అక్కడ ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, ఇక్కడ కుక్క వెంట్రుక మన చొక్కా నూలులో చిక్కుకుంటుంది.

డిటర్జెంట్ కరిగిస్తుంది కదా అంటారు కొందరు. రక్తం మరకనూ పాల మరకనూ వదిలించడానికి చాలా పౌడర్లలో ప్రొటీన్‌ను విడగొట్టే ఎంజైములు ఉంటాయి, నిజమే. కానీ కెరటిన్‌లో గంధకపు బంధాలు గట్టిగా ఉంటాయి. ఒక ఉతుకుకు కరిగే సరుకు కాదది. అదే ఎంజైము పదేపదే తగిలితే పట్టుచీర, ఉన్ని శాలువా పాడవుతాయి కానీ, ఒక్క ఉతుకులో కుక్క వెంట్రుక మాత్రం కరగకుండా అలాగే మిగులుతుంది. పౌడర్ రెట్టింపు పోస్తే బొచ్చు రెట్టింపు పోతుందన్నది ఉత్త భ్రమ. పోసిన పౌడరంతా ఎక్కడికి చేరుతుందో బెంగళూరువాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2015లో బెళ్ళందూరు చెరువు నురగ రోడ్ల మీదికి కొట్టుకొచ్చింది, ఆ నురగకు మంటలు అంటుకున్నాయి. శుద్ధి చేయని మురుగునీరూ దానిలోని సబ్బులూ అందుకు పెద్ద కారణం.

దీనికి పరిష్కారం కోసం నెట్‌లో వెతికితే ఎక్కువగా దొరికే సలహా ఒకటుంది. ఉతకడానికి ముందు బట్టలను డ్రయ్యర్‌లో పది నిమిషాలు తిప్పండి, ఉతికాక మళ్ళీ డ్రయ్యర్‌లో ఆరబెట్టండి అని. అది మంచి సలహానే, పనిచేస్తుంది కూడా. వేడిగాలిలో బట్టలు పొడిగా దొర్లుతుంటే వదులైన వెంట్రుకలు గాలితో పాటు కొట్టుకుపోయి జాలీలో పడతాయి. కానీ ఆ సలహా రాసినవాళ్ళ ఇంట్లో విడిగా డ్రయ్యర్ ఉంటుంది. మనకు ఉండేది యుటిలిటీలో కట్టిన నాలుగు దండేలు, లేదా మేడ మీద తీగ. ఉతికి ఆరబెట్టే రెండు పనులూ ఒకే మెషిన్ చేసేవి ఇప్పుడు కొంటున్నారు కానీ, వాటిలో చాలావాటికి విడి డ్రయ్యర్‌కు ఉన్నట్టు చేతితో తీసి దులిపే జాలీ ఉండదు. ఊడిన బొచ్చు తలుపు రబ్బరుకే అంటుకుంటుంది. కాబట్టి ఆ సలహాలోంచి మనం తీసుకోవలసింది డ్రయ్యర్‌ను కాదు. బొచ్చు పొడిగా ఉన్నప్పుడే వదులుతుంది, గాలీ కదలికా ఉంటే వదులుతుంది అన్న రెండు సంగతులను. ఆ రెండూ మన ఇళ్ళలో ఉన్నాయి.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఉతకడానికి వేసిన బట్టల్లో బొచ్చు పట్టినవి వేరు చేస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు, ఇంట్లో వేసుకునే టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు. వాటిని మేడ మీదికి తీసుకెళ్ళి ఒక్కొక్కటిగా గట్టిగా విదిలిస్తాను. బాల్కనీలోంచి విదిలించకూడదు. కింది అంతస్తువాళ్ళు కూడా దండెం మీద బట్టలు ఆరేసుకుంటారు, మన కుక్క బొచ్చు వాళ్ళ బట్టల మీద పడటం ఏ రకంగానూ న్యాయం కాదు. దుప్పటిని ఇద్దరు చెరోవైపూ పట్టుకుని జాడిస్తే ఒక్కరు దులిపినదానికంటే చాలా బాగా వదులుతుంది. తర్వాత దాన్ని తీగ మీద వేసి, అంట్లు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్ చేతికి తొడుక్కుని, పైనుంచి కిందికి ఒకే దిక్కుగా రాయాలి. అటూ ఇటూ రుద్దితే లాభం లేదు, ఒకే వైపుకు లాగాలి. నాలుగైదు లాగుళ్ళకు బొచ్చంతా ఉండలు కట్టి అంచుకు వస్తుంది. చేత్తో తీసి కవర్‌లో వేసుకోవడమే.

గ్లవ్‌ను కొంచెం తడిపి గట్టిగా విదిలించి వాడితే ఇంకా బాగా వస్తుంది. నీళ్ళు తగలకూడదన్నారు కదా అని అడగొచ్చు. ఇక్కడ బట్ట నానదు, దొర్లదు. గ్లవ్ మీది తేమ రాపిడి వల్ల పోగులకు పట్టిన కరెంటును పోగొడుతుంది, రబ్బరు వెంట్రుకను పట్టి లాగుతుంది, అంతే. గ్లవ్ లేకపోతే కొంచెం తడిగా ఉన్న స్పాంజి కూడా పనికొస్తుంది. మెత్తని కుచ్చుల బ్రష్ మాత్రం బొచ్చును ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతుంది తప్ప ఎత్తదు. జిగురు కాగితం రోలర్ బయటికి వెళ్ళేముందు నల్ల ప్యాంటు మీద ఒకసారి తిప్పుకోవడానికి బాగుంటుంది. ఉతికే బట్టలన్నిటికీ దాన్నే వాడితే కాగితాల ఖర్చూ చెత్తా తప్ప మిగిలేదేమీ ఉండదు, పైగా అది పైపైన ఉన్నదాన్నే తీస్తుంది.

అంతకంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. కుక్క పడుకునే చోట ఒక దళసరి నూలు దుప్పటి పరచడం. కుక్కకు ఒక చోటు అలవాటైతే రాలే బొచ్చులో చాలా భాగం అక్కడే రాలుతుంది. పాత చీరలతో కుట్టిన బొంత పరుస్తారు చాలామంది. అది కుక్కకు హాయిగానే ఉంటుంది కానీ కుట్టు కుట్టుకూ బొచ్చు ఇరుక్కుంటుంది, తీయడం నరకం. నేత దగ్గరగా ఉన్న సాదా దుప్పటి మేలు. ఆ దుప్పటిని ఎప్పుడూ మన బట్టలతో కలిపి ఉతకకూడదు. ఒక్క ఆ దుప్పటి చాలు, మెషిన్‌లో ఉన్న బట్టలన్నిటికీ బొచ్చు పంచిపెట్టడానికి.

బట్టను బట్టి కూడా తేడా ఉంటుంది. జీన్స్, దళసరి కాటన్ ప్యాంటు లాంటి వాటి నేత బిగువుగా ఉంటుంది కాబట్టి వెంట్రుక పైనే ఆగుతుంది, దులిపితే పోతుంది. బనియన్ బట్ట, ఫ్లీస్, వెల్వెట్, టర్కీ తువ్వాలు మాత్రం వెంట్రుకను లోపలికి లాగేసుకుంటాయి. పట్టు నునుపు కాబట్టి జారిపోతుంది. నాకు బాగా నచ్చిన విషయం గంజి. మంగళగిరి చీరకో, నూలు లుంగీకో గంజి పెడితే నూలు మీది సన్నని నూగంతా అణిగిపోతుంది. మగ్గం ఎక్కించే ముందు పడుగుకు గంజి పట్టించేదీ అందుకే. నూగు లేని చోట వెంట్రుకకు పట్టు దొరకదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని జూలీ పక్కన కూర్చుని లేచినా, ఒక్కసారి చేత్తో దులిపితే చీర శుభ్రం. కుక్క ఉన్న ఇంట్లో గంజి మళ్ళీ మొదలుపెట్టడం గురించి ఎవరూ చెప్పరు, నేను మాత్రం అందరికీ చెబుతుంటాను.

పాలియెస్టర్ సంగతి వేరు. వెంట్రుకా పాలియెస్టరూ రాసుకుంటే ఒకదానికి ధన, ఇంకోదానికి రుణ విద్యుత్తు పడుతుంది. అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. గాలిలో తేమ ఉంటే ఆ విద్యుత్తు త్వరగా జారిపోతుంది, గాలి పొడిగా ఉంటే నిలబడుతుంది. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో పెదవులు పగిలేవాళ్ళకు తెలుసు. ఆ రెండు నెలలూ జిమ్ బట్టలు, లెగ్గింగ్స్ బొచ్చును వదలవు. చెన్నైలో ఉండే మా పిన్నికి ఈ బాధ తక్కువ. ఆమెకున్న బాధ బట్టలు ఆరకపోవడం.

ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పనిచేసేది ఈ విద్యుత్తు మీదే. పోగుల మీద సన్నని పూత వేసి జారుడుగా చేస్తుంది, ఆ విద్యుత్తును తగ్గిస్తుంది. పాలియెస్టర్ బట్టలకు కొద్దిగా వాడితే తప్పులేదు. తువ్వాళ్ళకు వాడితే అదే పూత వల్ల నీళ్ళు పీల్చడం మానేస్తాయి. సాఫ్ట్‌నర్ బదులు చివరి జాడింపులో తెల్ల వెనిగర్ పోసేవాళ్ళూ ఉన్నారు. బోరు నీళ్ళున్న ఇళ్ళలో దానివల్ల కొంత మేలు ఉంటుంది. గట్టి నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లని జిడ్డులా తయారై బట్టకు అంటుకుంటుంది, ఆ జిడ్డుకు బొచ్చు అంటుకుంటుంది. వెనిగర్ ఆ జిడ్డును విడదీస్తుంది. కానీ ప్రతి ఉతుకుకూ పోస్తుంటే మెషిన్‌లోని రబ్బరు భాగాలు దెబ్బతినొచ్చు. బ్లీచింగ్ ద్రవంతో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. సాఫ్ట్‌నరైనా వెనిగరైనా ముందు బొచ్చు తీసినవాళ్ళకు చిన్న సాయం, తీయనివాళ్ళకు వృథా ఖర్చు.

ఇంకో రెండుసార్లు రిన్స్ పెడితే పోతుంది అనే మాట మీద నాకు కోపమే వస్తుంది. ఈ ఊళ్ళో ఉంటూ ఆ మాట ఎలా అంటారు? 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం ఫోన్లు చేసి చేసి అలసిపోయిన రోజులు అందరం చూశాం. తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది అప్పుడే. అదే సంవత్సరం అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలై, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే ఏర్పాటు జరిగింది. అంత దూరం నుంచి, అంత ఎత్తుకు పంపులతో ఎక్కించి తెచ్చే నీళ్ళను, చేత్తో పది నిమిషాల్లో తీసేయగలిగే బొచ్చు కోసం మళ్ళీ మళ్ళీ పారబోయడం నాకు మింగుడుపడదు. మెషిన్‌ను కుక్కి నింపకుండా ఉంటే ఉన్న నీళ్ళే సరిగ్గా జాడిస్తాయి. మూడొంతుల్లో రెండొంతులు నింపితే చాలు.

మెషిన్ విషయానికి వస్తే, తేలే జాలీ సంచులని అమ్ముతారు. టాప్ లోడ్‌లో నీళ్ళు లోతుగా ఉంటాయి కాబట్టి అవి తేలుతూ కొంత బొచ్చు పట్టుకుంటాయి. ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు అడుగున కొద్దిగానే ఉంటాయి, అందులో ఆ సంచికి పనే లేదు. టాప్ లోడ్‌లో డ్రమ్ గోడకు ఉండే జాలీని ప్రతి ఉతుకు తర్వాతా తీసి కడగాలి. ఫ్రంట్ లోడ్‌లో ముందు వైపు కింద చిన్న మూత వెనక ఒక ఫిల్టర్ ఉంటుంది. అది డ్రెయిన్ పంపును కాపాడటానికి పెట్టినది, బట్టల మీది బొచ్చు తీయడానికి కాదు. కుక్క ఉన్న ఇంట్లో నెలకు ఒకసారన్నా దాన్ని తెరవాలి. కింద పళ్ళెం పెట్టుకుని తెరవండి, నిలవ నీళ్ళు వస్తాయి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో చేరిన బొచ్చును ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచేయాలి. లేకపోతే తర్వాత వేసిన తెల్లచొక్కాకు అదే అంటుకుంటుంది. సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్ళు ఉతికిన నీళ్ళను బాత్రూమ్ జాలీ మీద గుడ్డ పరిచి వదిలితే పైపు పూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పని ఎవరు చేస్తున్నారు?

మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడది ములబాగిలు పక్క ఊరు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మా ఇంటికి రాకముందు ఇదే ప్రాంతంలో ఇంకో ఇంట్లో చేసేవారు. అక్కడ రెండు పెద్ద బొచ్చుకుక్కలు. పనిలో చేరినప్పుడు మాట్లాడుకున్నది ఊడ్చి తుడవడం, అంట్లు, బట్టలు మెషిన్‌లో వేసి ఆరేయడం. కుక్కలు వచ్చింది ఆ తర్వాత. జీతం పెరగలేదు, పని పెరిగింది. తడి దుప్పటి మీద ఒక్కొక్క వెంట్రుకనూ గోటితో ఏరేదాన్నని చెప్పారు. ఆరేసిన బట్ట మీద బొచ్చు కనిపిస్తే మళ్ళీ ఉతకమనేవాళ్ళట. "కుక్కని తిట్టలేరు కదమ్మా, నన్ను అనేవాళ్ళు" అన్నారు ఒకసారి. ఆ మాట విన్నాక ఈ వ్యాసం రాయాలని గట్టిగా అనుకున్నాను.

ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలోకి కర్ణాటక 2004లోనే తెచ్చింది. కానీ ఏ ఇంట్లో ఏ పనికి ఎంత అన్నది ఇప్పటికీ గడప దగ్గర నోటిమాటతోనే తేలుతుంది. ఆ నోటిమాటలో కుక్క ఉండదు. కుక్క వచ్చాక ఊడ్చే పని రెట్టింపవుతుంది, బట్టల పని కష్టమవుతుంది, కొందరికి తుమ్ములూ దురదలూ మొదలవుతాయి. జంతువు మీద ప్రేమ మనది, ఫోటోలు మనవి, ఆదివారం కబ్బన్ పార్కుకు తీసుకెళ్ళే సంతోషం మనది. తడిబట్టలోంచి బొచ్చు ఏరే పని మాత్రం ఇంకొకరిది. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది, ఎంత చిన్నదైనా సరే. ఆవిడ చేతనే చేయించాలనుకుంటే ముందే అడగాలి, దానికి విడిగా డబ్బు ఇవ్వాలి, గ్లవ్ కొనివ్వాలి, పొడిగా ఉన్నప్పుడే తీసేందుకు సమయం ఇవ్వాలి. మా ఇంట్లో బొచ్చు తీయడం మేమే చేస్తాం. తీసిన తర్వాతే బట్టలు బుట్టలోకి వెళతాయి. ఇస్త్రీ బండికి ఇచ్చే బట్టలు కూడా ఒకసారి చూసి ఇస్తాం. బొగ్గుల పెట్టె కింద వెంట్రుక మాడితే వచ్చే కమురు వాసన రోజంతా అక్కడే నిలబడే ఆయన పీల్చాలి.

కుక్కను ఉంచుకునే హక్కు గురించి అపార్ట్‌మెంట్ మీటింగుల్లో చాలా మాట్లాడతాం. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్లు పెంపుడు కుక్కలను నిషేధించలేవు. ఆ కాగితం చాలామంది ఫోన్లో ఉంటుంది, నా ఫోన్లోనూ ఉంది. దానితో పాటు మేడ మీది ఉమ్మడి దండెం కింద పడిన బొచ్చును ఊడ్చి వచ్చే అలవాటు కూడా ఉంటే ఆ మీటింగుల్లో అరుపులు తగ్గుతాయి.

మా అమ్మ విషయం కూడా చెప్పాలి. అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఆమె మొదటి బెంగ మడిబట్ట. రోజూ తడిపి ఆరేసుకుని కట్టుకుని దీపం పెట్టే మనిషి. ఆ చీర మీద ఒక్క కుక్క వెంట్రుక కనిపిస్తే ఆమెకు మళ్ళీ స్నానం, మళ్ళీ తడపడం. మా తరంలో చాలామంది దీన్ని చాదస్తం అని కొట్టిపారేస్తారు. నేను అలా అనను. ఆమె ఇంట్లో ఆమె పద్ధతి ఎంత గౌరవమైనదో మా ఇంట్లోనూ అంతే. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమె బట్టలకు వేరే బకెట్, వేరే దండెం, తలుపు వేసి ఉండే గది. మెషిన్‌లో ఆమె బట్టలు పడవు. చేయాల్సింది ఇంత కొద్దే అయినప్పుడు అమ్మనూ కుక్కనూ ఎదురెదురు నిలబెట్టి ఎవరో ఒకరిని ఎంచుకోమనడం దేనికి? "దాని మానాన అది ఉంది, నా మానాన నేనున్నా" అంటుంది అమ్మ ఇప్పుడు. జూలీకి పెరుగన్నం కలిపేదీ ఆమే.

బొచ్చు గొరిగించేస్తే గొడవ వదులుతుంది కదా అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వేసవిలోనూ ఉంటారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ లాంటి రెండు పొరల కుక్కలకు అది చేయకూడదు. ఆ పొరలు చలినే కాదు, ఎండ వేడినీ కాస్తాయి, చర్మం కాలిపోకుండా చూస్తాయి. గొరిగాక కొన్నిటికి బొచ్చు సరిగ్గా తిరిగి రాదు, మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. రాలేది కూడా ఆగదు, పొట్టి వెంట్రుకలు రాలతాయి. పొట్టి వెంట్రుక బట్టలో గుచ్చుకుంటే తీయడం పొడవాటిదానికంటే కష్టం. దువ్వడమే దారి. లోపలి నూగును పట్టే దువ్వెనతో వారానికి రెండు మూడుసార్లు, ఎక్కువగా రాలే రోజుల్లో రోజూ, మేడ మీదో వీధి గుమ్మం బయటో దువ్వాలి. దువ్వెనలో వచ్చిన ప్రతి పిడికెడూ సోఫాకు, అక్కడి నుంచి ప్యాంటుకు, అక్కడి నుంచి మెషిన్‌కు వెళ్ళకుండా ఆగినట్టే. బట్టల పని నిజానికి కుక్క వీపు మీదే మొదలవుతుంది.

చివరిగా, బొచ్చు పోయినంత మాత్రాన బట్ట శుభ్రమైనట్టు కాదు. అలర్జీ ఉన్నవాళ్ళకు పడనిది వెంట్రుక కాదు. కుక్క, పిల్లి లాలాజలంలోనూ చర్మపు పొట్టులోనూ ఉండే ప్రొటీన్లు. పిల్లిలో ఫెల్ డి 1, కుక్కలో కాన్ ఎఫ్ 1 ముఖ్యమైనవి. పిల్లి లేని బడుల్లో, ఆఫీసుల్లో కూడా పిల్లి ప్రొటీన్ దొరుకుతుంది, అది పెంచుకునేవాళ్ళ బట్టల మీద ప్రయాణం చేస్తుంది కాబట్టి. ఇక్కడ నీళ్ళు బాగా పనిచేస్తాయి, ఉతుకుతో చాలావరకు పోతుంది. అంటే బొచ్చుకు దులపడం, ప్రొటీన్‌కు ఉతకడం, రెండూ కావాలి. అలర్జీ ఉన్న మనిషి దులిపే పని చేయకూడదు, ఇంకొకరు చేయాలి.

కుక్క మీద గోమార్లు, అంటే పిడుదులు, కనిపించిన రోజుల్లో మామూలు చల్లనీళ్ళ ఉతుకును నమ్మకండి, అవి బతికి బయటపడతాయి. 54 డిగ్రీలకు పైన వేడినీళ్ళు కావాలి, మెషిన్‌లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే అది పెట్టండి. పిల్లికో కుక్కకో శిలీంధ్రం వల్ల వచ్చే తామర ఉందని డాక్టరు చెబితే ఆ జంతువు తాకిన బట్టలను వేరుగా, కొద్దికొద్దిగా వేసి, రెండుసార్లు ఉతకాలి. రాలిన వెంట్రుక మీదే ఆ శిలీంధ్రం ఉంటుంది, మనుషులకూ అంటుకుంటుంది. అలాంటప్పుడు మేడ మీద విదిలించకూడదు, గాలికి పదిమందికీ చేరుతుంది. గ్లవ్‌తో తీసి, కవర్‌లో మూటకట్టి పారేయాలి, గ్లవ్‌ను కూడా. ఇక బొచ్చు ఎప్పటికంటే ఎక్కువగా రాలుతున్నా, చర్మం కనిపించేలా గుండ్రంగా ఊడుతున్నా, కుక్క అదేపనిగా గోక్కుంటున్నా బట్టల సంగతి తర్వాత చూసుకోవచ్చు. గజ్జి కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, పిడుదులు కావచ్చు. దగ్గర్లో ఉన్న పశువైద్యుడి దగ్గరికో, హెబ్బాళ్‌లో ఉన్న వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో ఆ రోజే తీసుకెళ్ళండి.